ముడి విప్పినవాళ్ళు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ పెద్దక్క అని పిలుస్తారు. వెనకాల మాత్రం ముక్కులేనమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

వార్డుల్లో మాసిన దుప్పట్లు, చొక్కాలు మూటలుగా వస్తాయి. ఒక్కో మూటకు ఒక చీటీ. ముడి విప్పినవాళ్ళు చీటీ మీద తమ పేరు రాయాలి. లోపల ఏమున్నా సరే, ఉతికి ఆరేసేదాకా అది వాళ్ళదే. అందుకని అడుగున తడిసి బరువుగా ఉన్న మూట వచ్చిందంటే అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. చివరికి పెద్దక్కే విప్పుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ముక్కు ఆమెకూ ఉంది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంట్లోనూ అంతే జరిగింది. అత్తగారు మంచాన పడ్డ మొదటిరోజు పక్కబట్టలు మార్చింది ఆమే. ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "నీకు అలవాటేగా వదినా" అంది. ఆ తర్వాత మూడేళ్ళపాటు ఇంకో చెయ్యి ఆ పక్క మీద పడలేదు. ఆవిడ పోయిన రోజున అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆడపడుచే. లాండ్రీ మూటలు తప్ప ఇక జన్మలో దేనికీ తాను ముందు చెయ్యి పెట్టకూడదని పెద్దక్క ఆ రోజే తీర్మానించుకుంది.

ఆ ఉదయం పది గంటలప్పుడు, లాండ్రీలో బట్టలు మడతపెట్టే ఆవిడ, అక్కడ అందరూ వదిన అని పిలిచే ఆమె, ఊచల కిటికీలోంచి చూసి "ఛీ ఛీ" అంది. వెనక సందులో, లాండ్రీ తలుపుకు నాలుగడుగుల దూరంలో ఒక ముసలాయన గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఆసుపత్రివాళ్ళ నీలం చారల చొక్కా. కింద పంచె పూర్తిగా పాడైపోయింది. పసుపుపచ్చని ధార ఒకటి కాళ్ళ మధ్య నుంచి కాలవ దాకా పారింది. దాని మీద ఈగలు ముసిరాయి.

"తాగి పడ్డాడు," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"తాగినవాడు నీలాగా వాగుతాడు. ఈయనకి నోరు లేస్తోందా?" అంది వదిన.

"మరి వెళ్ళి లేపరాదూ?"

"నాకు నడుం నొప్పి. పెద్దక్కా, నువ్వు చూడకూడదా? నీకు వాసన అదీ పట్టదుగా."

ముట్టుకుంటే ఏమవుతుందో పెద్దక్కకు తెలుసు. నీళ్ళు తాగించాలి, కడగాలి, ఎవరి తాలూకని అడిగితే నిలబడాలి. ఆమె కూడా వాళ్ళ పక్కనే నిలబడి ఊచల్లోంచి చూసింది.

ఇస్త్రీ ఆయన గేటు కాపలావాడికి ఫోన్ చేశాడు. సందు తమ కిందికి రాదన్నాడు కాపలావాడు. "మన వంతు మనం చేశాం," అని ఇస్త్రీ ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వదిన కిటికీ రెక్క ఒకటి మూసింది. రెండోది మూయలేదు, చూడ్డానికి ఉండాలిగా. అలా నలభై నిమిషాలు గడిచాయి. ముసలాయన రెండుసార్లు తల ఎత్తి కిటికీ వైపు చూశాడు. రెండుసార్లూ ముగ్గురూ పక్కకు తప్పుకున్నారు.

అప్పుడు సూపర్‌వైజర్ వచ్చాడు. కిటికీలోంచి చూడగానే ఆయన మొహం వెలిగింది.

"అదుగో! రెండో అంతస్తు చొక్కా. వారం నుంచి ఒకటి తక్కువొస్తోందని నా ప్రాణం తీస్తున్నారు. పెద్దక్కా, గ్లోవ్స్ వేసుకుని అది పట్రా."

"చొక్కానా?"

"మనది అదే కదమ్మా. జాగ్రత్త, చిరుగుతుందేమో."

పెద్దక్కకు రోత పుట్టింది. ముసలాయన్ని చూసి కాదు. గ్లోవ్స్ వేసుకుని తలుపు తీసింది.

ఆమెను చూడగానే ముసలాయన బొత్తాలు తీసుకోబోయాడు. "ఇచ్చేస్తానమ్మా. ఇంటికి పొమ్మన్న రోజున నా చొక్కా కనబళ్ళేదు, ఇదేసుకునే పోయా. ఇచ్చిపోదామనే వచ్చా. ఇంతలో కడుపు... ఉతికిస్తా, కాసిని నీళ్ళివ్వు తల్లీ." పెదాలు ఎండి అట్టకట్టాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఇంతసేపూ ఆయన వాళ్ళ కోసమే కూర్చున్నాడు.

ఆమె బొత్తాలు మళ్ళీ పెట్టింది. లోపలికి వెళ్ళి నీళ్ళూ, ఉతికిన దుప్పటీ, మూటలు మోసే బండీ తెచ్చింది. నీళ్ళు గుక్కగుక్కగా పట్టి, దుప్పటి చుట్టింది. "ఇస్త్రీ ఆయనా, కాళ్ళు పట్టుకో."

"నేనా? అక్కా, నా చేతులు తెల్లబట్టలు ముట్టుకునేవి..."

"చొక్కా మనదన్నారుగా మీ సూపర్‌వైజర్ గారు. చొక్కానే ఎక్కిస్తున్నాం. పట్టు."

ఇస్త్రీ ఆయన మొహం అవతలికి తిప్పుకుని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. బరువంతా ఆమె మీదే పడింది.

క్యాజువాలిటీలో గుమాస్తా తలెత్తకుండా, "ఎవరి తాలూకు?" అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆగి తన పేరు చెప్పింది. సెలైన్ ఎక్కించేదాకా పక్కనే ఉంది. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. పెద్దక్క తల దించుకుంది. అప్పటికే అయిన ఆలస్యంలో నలభై నిమిషాలు తనవి కూడా.

తిరిగి వచ్చేసరికి లాండ్రీలో అందరూ భోజనానికి కూర్చున్నారు.

"మేం చూడబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ముసలాయన పని అయిపోయేది," అంటోంది వదిన ఎవరితోనో ఫోన్లో.

"చొక్కా ఏది?" అన్నాడు సూపర్‌వైజర్.

"మనిషి ఒంటి మీదుంది."

ఇస్త్రీ ఆయన లేచి, సబ్బుబిళ్ళను నేల మీద పడేసి, చెప్పుకాలితో ఆమె వైపు తోశాడు. "కడుక్కో అక్కా, మేం తింటున్నాం."

ఇరవై రెండేళ్ళుగా ఆ చేతులు ఇంతకన్నా ఘోరమైనవి ఉతికాయి. ఆ చేతులతోనే మంచినీళ్ళ గ్లాసు అందిస్తే వాళ్ళు తీసుకుని తాగారు. పెద్దక్క సబ్బు వైపు చూడలేదు. కుళాయి దగ్గర సోడాపొడితో మోచేతుల దాకా తోముకుని, చీటీల పుస్తకం అందుకుంది.

పొద్దుటి నుంచి ఆమె కోసం ఆపి ఉంచిన మూటలు మూడున్నాయి. మూడింటి కిందా నేల తడిసి ఉంది. ఆమె మూడు చీటీల మీదా నిదానంగా మూడు పేర్లు రాసి, ఒక్కో ముడికీ ఒకటి గుచ్చింది. మొదటిది ఇస్త్రీ ఆయనది. రెండోది వదినది.

మూడో చీటీ చదవడానికి సూపర్‌వైజర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వంగాడు.