మావయ్యగారి అనుమానాలు

మావయ్యగారు పోయారని గుడివాడ నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. చెప్పింది వాళ్ళ అల్లుడే, గొంతు కూడా అల్లుడిదే. అయినా "ఎవరండీ మాట్లాడేది?" అని రెండుసార్లు అడిగి పెట్టేసి, నేనే మళ్ళీ వాళ్ళింటి నంబరుకు చేశాను. ఈసారి వాళ్ళమ్మాయి ఎత్తింది. నా పేరు వినగానే ఏడ్చేసింది. అప్పుడు నమ్మాను. "నీకొచ్చిన ఫోన్‌ని నమ్మకు, నువ్వు చేసిన ఫోన్‌ని నమ్ము" అని నేర్పింది ఆయనే. ఆ పాఠాన్ని ఆయన చావు కబురు మీదే వాడాల్సి వచ్చింది, ఖర్మ.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బందరులో ఒక రొయ్యల పరీక్షా కేంద్రంలో కలిసి పనిచేశాం. చెరువులో వదిలే రొయ్య పిల్లను మా వైపు సీడు అంటారు. కృత్తివెన్ను రైతులు, దివిసీమ రైతులు సీడుని సీసాల్లో పట్టి తెచ్చేవారు. తెల్లమచ్చ రోగం ఉందో లేదో చూసి, ఫలితాన్ని బందరులోని సర్వర్‌లో ఎక్కించేవాళ్ళం. గుడివాడ, అవనిగడ్డ బ్రాంచీల కంప్యూటర్లు ఫోన్ లైను మీద ఆ సర్వర్‌తో కలిసి రిపోర్టు తీసి రైతు చేతికివ్వాలి. కలవకపోతే రైతు అక్కడే పడిగాపులు కాయాలి. మనిషైతే కాస్తాడు, సీడు కాయదు కదా.

ప్రోగ్రాములు నావి. టెలిఫోన్ల శాఖలో రిటైరై వచ్చిన మావయ్యగారు లైన్లు, మోడెములు చూసేవారు. ఆఫీసులో అందరికీ ఆయన మావయ్యగారే. ఆయనంత అనుమానం మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తాళం వేశాక మూడుసార్లు తలుపు తోసి చూసేవారు. కాఫీలో చక్కెర వేశామని చెప్పినా ముందు చెంచాతో రుచి చూసేవారు. అవనిగడ్డ బోర్డున్న బస్సెక్కి కండక్టర్‌ని "అవనిగడ్డేనా బాబూ?" అని అడిగి, అతను అవునన్నాక డ్రైవర్‌ని కూడా అడిగేవారు. "బోర్డు మార్చడం మర్చిపోయుంటే?" అనేవారు నావంక చూసి. నవ్వొచ్చేది, కానీ ఎదురుగా నవ్వే ధైర్యం లేదు.

కనెక్షన్ ఫెయిలైతే ఆయన వైరు దగ్గరికి పరుగెత్తేవారు కాదు. ముందు తెరమీద మాట చదవమనేవారు, పూర్తిగా, చివరిదాకా. "పొమ్మన్న మాటలో రకాలుంటాయమ్మాయ్. లైనే తెగితే రోడ్డు మీదే బండి ఆగినట్టు. పాస్‌వర్డ్ తప్పంటే గుమ్మం దాకా వెళ్ళి తిట్లు తిన్నట్టు. సర్వర్ కనబడలేదంటే అసలు ఇల్లే దొరకలేదన్నమాట. ఎక్కడ ఆగిపోయామో తెలీకుండా ఏం వెతుకుతావు?" నా డిప్లొమా చదువులో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

పాత సర్వర్ పాడై కొత్తది పెట్టిన నెలలో అవనిగడ్డలో తంటా మొదలైంది. అక్కడ కంప్యూటర్ ఒకటే, దాని మీద పనిచేసేవాళ్ళు ముగ్గురు. ఇద్దరు కూర్చుంటే శుభ్రంగా కలిసేది. మూడో ఆపరేటర్ కూర్చుంటే సర్వర్ కనబడలేదని వచ్చేది. అదే కుర్చీ, అదే లైను, అదే మోడెము. మారేది మనిషొక్కడే. అతనిది పాలకాయతిప్ప దగ్గర చేపల వేట మీద బతికే కుటుంబం. వాళ్ళలో కంప్యూటర్ నేర్చుకుని ఆఫీసు గుమ్మం ఎక్కింది అతనొక్కడే. పైగా వాళ్ళ బావ రొయ్యల చెరువు పెట్టాడని ఎవరో చెప్పారు. ఇంకేముంది! మిగతా చెరువులు దెబ్బతింటే బావ రొయ్యకి రేటు పలుకుతుందని, రోగం ఉన్న సీడు రిపోర్టులు బయటికి రాకుండా తొక్కిపెడుతున్నాడన్నారు. పని ఎగ్గొట్టడానికి వేషాలన్నారు. నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

నేనేం ఊరికే అనలేదు, ఫోన్ చేసి అడిగే అన్నాను. "సర్వర్ పేరు దగ్గర ఏముందో చూసి చెప్పండి" అన్నాను.

"బందరేనండీ. బందరు అని ఉందండీ."

మా సర్వర్ పేరు అదే మరి. సెట్టింగు సరిగ్గానే ఉంది, మనిషే తేడా అని తేల్చేశాను. మేనేజర్ గారు నన్ను రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఒకటో తారీకు నుంచి అతన్ని మానిపించడానికి ఆ కాగితం కావాలట. లైను బాగుంది, మోడెము బాగుంది, కరెంటు బాగుంది అని వరసగా రాసి, కింద అతని పేరు రాసి, మావయ్యగారి సంతకం కోసం పట్టుకెళ్ళాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. "ఇందులో ఒక పేరు తగ్గిందమ్మాయ్."

"ఎవరిదండీ?"

"నీది."

ఒళ్ళు మండిపోయింది. "అదేంటండీ, నా కనెక్షన్ నేనెందుకు చెడగొట్టుకుంటాను?"

"అతనెందుకు చెడగొట్టుకుంటాడు?"

"వాళ్ళ బావకి చెరువుందటండీ!"

"ఎందుకు అన్నది పోలీసోళ్ళ పని. మన పని ఎక్కడ, ఎప్పట్నుంచి. ఎప్పట్నుంచి ఇలా?"

"కొత్త సర్వర్ పెట్టిన దగ్గర్నుంచి."

"ఆ రోజు వెళ్ళి ఆ కంప్యూటర్‌ని ముట్టుకుందెవరు?"

వెళ్ళింది నేనే. ఆ ప్రోగ్రాములో సర్వర్ పేరు ఎవరి సెట్టింగులో వాళ్ళకి విడిగా టైపు చేయాలి. ముగ్గురికీ మూడుసార్లు టైపు చేసింది నేనే. "తెర మీద ఇల్లే దొరకలేదని వస్తోంది. దొంగపని చేసేవాడు పాస్‌వర్డ్ తప్పు కొడతాడు, లేదా వైరు పీకుతాడు. ఇతను పాపం వీధి తప్పి తిరుగుతున్నాడు" అంటూ మావయ్యగారు అవనిగడ్డకి ఫోన్ కలిపారు.

"బాబూ, సర్వర్ పేరు చూడు. చదవమాక. ఒక్కో అక్షరం చెప్పు, టెలిగ్రామ్ ఇచ్చినట్టు."

ఫోన్ స్పీకరులోంచి అతని గొంతు నెమ్మదిగా వచ్చింది. "బి... ఏ... ఎన్... డి... ఏ... ఆర్... యు."

మావయ్యగారు పేపరు అంచున రాసుకుంటున్న పెన్ను ఆపేశారు. "ఆర్ తర్వాత?"

"యు అండీ. బందరు కదండీ."

సర్వర్ పేరు ఆర్‌తో అయిపోతుంది. ఆ పేరు పెట్టినవాళ్ళు ఇంగ్లీషు పద్ధతిలో బందర్ అని పెట్టారు. నేను మాత్రం పుట్టి పెరిగిన ఊరి పేరుని నోటితో పలికినట్టే టైపు చేశాను, ముగ్గురిలో ఒక్కరికి, చివర ఉకారంతో సహా. అతను ఉన్నది ఉన్నట్టు చదివాడు. నా చెవి తనకి కావాల్సింది వింది. రోజూ వెయ్యిసార్లు అనే మాట, ఇంక అక్షరాలు ఎవరు చూస్తారు?

"మేడమ్ గారు అడిగినప్పుడూ ఇదే చెప్పానండీ" అన్నాడతను. కోపంగా కూడా అనలేదు, పాపం.

ఆ అక్షరం తీసేయమన్నాం. కలిసింది. నాకు సిగ్గేసింది. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? పాత కాగితం చింపి కొత్తది రాశాను. 'సర్వర్ పేరులో లోపం గుర్తించబడింది, సరిచేయబడింది.' ఇది చాలనుకున్నాను. మావయ్యగారు దాన్ని కూడా రెండుసార్లు చదివారు.

"చేయబడింది అంటే ఎవరు చేశారమ్మాయ్? ఈ 'బడింది' వెనకాల ఎవరో దాక్కున్నారు." కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "రేపు మేనేజర్ గారు అక్కడికే వెళ్తున్నారు, అతన్ని పంపేయడానికి. మనమూ వెళ్దాం."

"ఫోన్‌లో చెప్పేస్తానండీ."

"నిన్ను ఫోన్‌లో నమ్మను" అన్నారు.

చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ చేరేదాకా మావయ్యగారు ఆ సంగతే ఎత్తలేదు. దిగాక మా బ్రాంచీ ఎదురుగా ఉన్న సోడా బడ్డీ దగ్గర ఆగిపోయారు.

"రండి మావయ్యగారూ."

"నాకేం పని? నేను లైన్ల మనిషిని. లైను బాగానే ఉంది."

లోపల మేనేజర్ గారు, ముగ్గురు ఆపరేటర్లు, సీసాలతో ఐదారుగురు రైతులు. అందరి ముందూ చెప్పాను. ఆ పేరు తప్పు టైపు చేసింది నేను, ఫోన్‌లో ఈయన సరిగ్గానే చెప్పాడు, సరిగ్గా విననిది నేను, ఈయన మీద పుకారు నమ్మి నలుగురికీ చెప్పింది కూడా నేనే. మేనేజర్ గారు జేబులోంచి తీయబోయిన తొలగింపు ఉత్తరం మళ్ళీ లోపల పెట్టుకున్నారు. ఒక రైతు నన్ను ఎగాదిగా చూసి, "ఎంత పని చేశావమ్మా! కుర్రాడు వారం నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు" అన్నాడు.

ఆ ఆపరేటర్ నన్ను ఒక్క మాట అనలేదు. గోడవారగా నిలబడ్డవాడు మేనేజర్ గారివంక చూసి, "అయితే నేను కూర్చోవచ్చాండీ?" అని అడిగాడు. ఆయన తలూపారు. అతను కుర్చీ లాక్కుని, చొక్కా చేతులు సర్దుకుని, "ఎవరిదండీ మొదటి సీసా?" అన్నాడు. ఆ మాట ఇవాళ్టికీ నా చెవుల్లో ఉంది.

వెనక్కి వెళ్ళేటప్పుడు బస్సులో మావయ్యగారు వానల గురించి మాట్లాడారు, వాళ్ళ మనవరాలి అల్లరి గురించి మాట్లాడారు. చెప్పావా అని మాత్రం అడగలేదు. తర్వాత ఎన్నడూ అడగలేదు. గుడివాడలో ఆయన్ని చివరిసారి చూసి వస్తుంటే నాకు గుర్తొచ్చింది ఇదే. ఆ రోజు బ్రాంచీలో అందరి ముందూ నా తప్పు చెబుతూ చెబుతూ ఒకసారి కిటికీలోంచి చూశాను. సోడా బడ్డీ దగ్గర బెంచీ మీద మావయ్యగారు ఆఫీసుకి వీపు పెట్టి కూర్చున్నారు. ఆయన ఎదురుగా సున్నం రాలిన గోడ తప్ప ఏమీ లేదు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా, ఆ గోడనే చూస్తూ నెమ్మదిగా సోడా తాగుతున్నారు.