అత్తగారు కూర్చుని చూసిన బల్ల

ఆ ఇంట్లోకి ఏ సామాను వచ్చినా అత్తగారు దాని మీద ధబీమని కూర్చుని చూడాల్సిందే. ఆవిడ బరువుకి ఆగితే ఇంట్లో ఉంటుంది, లేకపోతే పోతుంది.

కోడలిది ఇంటి నుంచే ఉద్యోగం. ఎవరికి ఆకలేసినా భోజనాల బల్ల మీంచి కంప్యూటర్ ఎత్తుకుని పరుగెత్తాలి. విసిగిపోయి, గోడకు బిగించే బల్ల ఒకటి తనే చేసుకుంది. అత్తగారు కూర్చున్నారు. గోడ పెచ్చులతో సహా బల్ల ఊడి కిందపడింది.

"కాళ్లు లేని బల్ల ఎక్కడైనా నిలుస్తుందటే?" అన్నారావిడ నడుము పట్టుకుని.

కోడలికి ఒళ్లు మండింది. పెచ్చులు ఏరుతుంటే తప్పు తెలిసింది. స్క్రూలు పైపైన సిమెంటులోనే ఆగిపోయాయి, ఇటుక దాకా పోనేలేదు. ఈసారి పొడుగు స్క్రూలు తెచ్చి, ఇటుకలోకి లోతుగా డ్రిల్లు దింపి, బల్ల అడుగున దళసరి ఇనప బ్రాకెట్లు బిగించింది.

"ఇప్పుడు కూర్చోండి అత్తయ్యా!"

ఆవిడ కూర్చున్నారు. అటూ ఇటూ ఊగారు. చివరికి కాళ్లు పైకి లాక్కుని బాసింపట్టు వేసుకున్నారు. బల్ల కిక్కురుమనలేదు.

"ఇక్కడ గాలి బాగుందే. నా కాఫీ ఇటే పట్రా."

"కాఫీ భోజనాల బల్ల మీద పెట్టాను. దిగండి అత్తయ్యా, ఇది నా ఆఫీసు!"