గుట్ట మీది నుంచి గడీ

పెళ్లికొడుకుల్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫొటోలు తీయడం నా బతుకుదెరువు. నల్లగొండలో కిరాయి దుకాణం, మూడుకాళ్ల కెమెరా, ఒక నల్లగుడ్డ, అంతే నా ఆస్తి. మనసు మాత్రం గుట్టల మీదే ఉండేది. తొలకరికి తడిసిన బండల్నీ, ఎర్ర చెలక భూముల్నీ తీస్తానంటే జనం నవ్వేవాళ్లు. "రాళ్లు పైసలిస్తయా?" అనేవాళ్లు. నవ్విన నాపచేనే పండుతుందిలే అనుకునేవాణ్ని.

కట్టంగూరు దగ్గర మా ఊళ్లో గుట్ట కిందే కోటలాంటి దొర గడీ. పైకెక్కితే గడీ లోపలి వాకిలి కనిపిస్తుందని, గుట్టెవరూ ఎక్కకూడదని ఆయన హుకుం. దొరను పైనుంచి చూడటం తప్పట! గుట్టేమైనా వాళ్ల తాత పేర్చిపోయాడా? మా బాపు గొర్రెల్ని కూడా చుట్టూ తిప్పుకుని పోయేవాడు.

దొరలకు ఎదురు తిరిగిన కమ్యూనిస్టుల సంఘం ఊళ్లోకి వచ్చాక దొర హైదరాబాదుకు పారిపోయాడు. ఆ వానకాలమే గుట్టెక్కి చెలకలు, వాగు, దూరాన కొండలు అన్నీ వచ్చేలా ఫొటో తీశాను. అందులో గడీ కోళ్లగూడంత ఉంది. దుకాణంలో తగిలిస్తే మా ఊరివాళ్లు పనిగట్టుకుని వచ్చి చూసి, నవ్వుకుని పోయేవాళ్లు.

నిజాం మీద పోలీసు చర్య తర్వాత దొర కాంగ్రెస్ తెల్లటోపీ పెట్టుకుని మిలిటరీ వెంట తిరిగొచ్చాడు. సంఘం పేరు చెప్పి మనుషుల్ని క్యాంపుకు పట్టుకుపోతున్న రోజులవి. ఫొటో, దాన్ని అచ్చుతీసే గాజు పలక తీసుకుని గడీకి రమ్మని కబురొచ్చింది. "జర నోరు మూసుకో బిడ్డా," అని బాపు దారంతా బతిమాలాడు.

"నా గడీ తస్వీరు తీసినవట్రా?" అన్నాడు దొర.

"గుట్టలు తీసిన దొరా. మీ గడీ అడ్డమొచ్చింది."

ఫొటో చింపి, పలకను బండకేసి కొట్టాడు. "మళ్ల గుట్టెక్కితే క్యాంపుకే పోతవు," అన్నాడు. భయం వేయలేదంటే అబద్ధం. కానీ అంతకన్నా ఎక్కువగా ఒళ్లు మండింది.

తెల్లవారి, దుకాణం నుంచి తెచ్చిన కెమెరా ఎత్తుకుని గుట్టకు బయల్దేరితే బాపు అడ్డం నిలబడ్డాడు.

"చస్తవు కొడుకా."

"చస్తే గుట్ట మీదనే చస్త బాపు."

బాపు కెమెరా తన భుజానికి మార్చుకుని, గొర్రెల్ని కూడా గుట్ట మీదికే తోలాడు.

పైన మూడుకాళ్లు నిలబెట్టేసరికి దొర వాకిట్లోకి వచ్చి, తలెత్తి, చేతులూపుతూ అరుస్తున్నాడు. దుకాణంలో అందరితో అనే మాటే గొంతెత్తి అరిచాను.

"కదలకు!"

ఆ ఊళ్లో ఆయనతో అలా మాట్లాడినవాడు లేడు. నిర్ఘాంతపోయి నిలబడ్డాడు. ఫొటో తీసేశాను.

గుట్ట దిగుతుండగానే నన్ను క్యాంపుకు పట్టుకుపోయారు. బాపు అప్పటికే ఆ కొత్త ఫొటో పలకను గొంగడిలో చుట్టుకుని, గొర్రెలు తోలుకుంటూ అవతలి పక్కనుంచి దిగిపోయాడు.