దొరసానిగారి కలరా సూది

జమీందారీలు రద్దయిన కొత్తల్లో, నాకు పందొమ్మిదేళ్లప్పుడు, ఏలూరులో ఒక మహిళా సమాజంలో రాతపని దొరికింది. దాని అధ్యక్షురాలు ఓ జమీందారుగారి భార్య. జమీ పోయినా ఆమెను అందరూ దొరసానిగారనే అనేవారు. తాడేపల్లిగూడెం నుంచి గణపవరం దాకా ఊరూరా తిరిగి, కలరా సూది వేయించుకోమని ఆడవాళ్లకు చెప్పేవారు. "చీమ కుట్టినట్టుంటుందమ్మా, అంతే" అనేవారు. తాను మాత్రం ఎన్నడూ వేయించుకోలేదు. సూది కనబడితే వచ్చి నా వెనకాల నిలబడేవారు.

ఒకసారి కొల్లేటి లంకలో సూదులు వేసే రోజు పెట్టారు. ఆమె తన పేము కుర్చీని కూడా దోనెలోకి ఎక్కించారు. తాటిమాను తొలిచి చేసిన దోనె అది, కాళ్లు ముడుచుకుని కూర్చోవడానికే ఇరుకు.

"కుర్చీ వద్దండమ్మగారూ, తిరగబడిపోద్దండి" అన్నాడు దోనె నడిపేవాడు.

"నేను కదలకుండా కూర్చుంటానయ్యా" అన్నారామె.

నిజంగానే కదల్లేదు. కుర్చీ కదిలింది. ఒడ్డు ఇంకా పది బారలుందనగా ముగ్గురం బురదనీళ్లలో పడ్డాం.

లంక ఆడవాళ్లు మమ్మల్ని లాగి, బిందెలతో నీళ్లు పోసి, మా ఆడవాళ్లిద్దరికీ పొడి చీరలిచ్చారు. దొరసానిగారికి దొరికిన ముతక చీర మోకాళ్ల దాకానే వచ్చింది. దాన్నే గోచీ పోసి కట్టారు. అద్దం లేదు కాబట్టి ఆమె పెద్దగా బాధపడలేదు.

బడిపాక దగ్గర హెల్త్ ఇన్‌స్పెక్టరు సూది పట్టుకుని ఉన్నాడు. కొత్తగా చేరినవాడు, ఆమెనెప్పుడూ చూడలేదు.

"దొరసానిగారు వచ్చేలోపు ఒకరికైనా వెయ్యాలి. ముందెవరు?" అన్నాడు.

అందరూ వెనక్కి జరిగారు. అలవాటు లేని ఆ గోచీ ఎక్కడ ఊడుతుందోనని అడుగు వేయలేక దొరసానిగారు మాత్రం అక్కడే ఉండిపోయారు.

"ఒక్కతైనా ధైర్యంగా ఉంది. రా అమ్మా."

"బాబూ, నేను..."

"నువ్వే. చెయ్యి చాపు."

నేను చెప్పబోయాను గానీ నవ్వొచ్చి మాట రాలేదు. ఆడవాళ్లు కూడా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకున్నారు. సూది దిగింది. ఆమె కేకకు గట్టుమీది కొంగలన్నీ లేచిపోయాయి.

"చీమ కాదర్రా" అన్నారామె కళ్లు తుడుచుకుంటూ. "తేలు. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను. కానీ చూడండి, బతికే ఉన్నాను."

"ఈవిడ నిజం చెప్పిందే" అంటూ ఒక ముసలామె ముందుకొచ్చి చెయ్యి చాపింది. ఆవిడ వెనకే తక్కినవాళ్లు. సాయంత్రానికి లంకంతా అయింది.

సంగతి తెలిసిన ఇన్‌స్పెక్టరు చేతులు జోడించి, "క్షమించండమ్మా. రెండో సూది వచ్చే బుధవారమండి" అన్నాడు.

దొరసానిగారు నావైపు తిరిగారు. "అమ్మాయ్, బుధవారం మనకి ముదినేపల్లిలో మీటింగుంది కదూ?"

"ఉందండి" అన్నాను. లేదు. అయినా బుధవారం ఇద్దరం ముదినేపల్లి వెళ్లి, కాఫీ తాగి వచ్చాం.