గంటా ఎనిమిది నిమిషాలు

మా సిద్దిపేటలో ఏటా చలికాలం ఒక ఆదివారం పొద్దున రోడ్డు మీద పరుగు పందెం పెడతారు. అందులో పది కిలోమీటర్ల పరుగు నేనూ, నా దోస్తూ కలిసి ఐదుసార్లు చేశాం. ఆయన గేట్లు, కిటికీల గ్రిల్స్ చేసే వెల్డర్. నేను ఇల్లు కట్టుకునేవాళ్లకు ఎన్ని ఇటుకలు పడతాయి, ఎన్ని బస్తాల సిమెంటు పడుతుంది అని లెక్కకట్టి చెబుతాను. పదో తరగతి తప్పినవాణ్ణి. ఈ పని ఎవరూ నేర్పలేదు, మేస్త్రీల పక్కన నిలబడి చూసి పట్టుకున్నాను. ఒక ఇంటి పని దగ్గర కలిశాం. అప్పటినుంచి నేనాయన్ని ఉస్తాద్ అంటాను, ఆయన నన్ను భాయ్ అంటాడు.

ఐదుసార్లలో మా మంచి టైము గంటా ఎనిమిది నిమిషాలు. ఇద్దరిదీ అదే. మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా పక్కపక్కనే ఉండేవాళ్లం కాబట్టి తేడా రావడానికి వీల్లేదు. దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు. ఎవరి గేటు ఎందుకు మూసుకోవడం లేదు, ఎవరు కొలత తప్పు చెప్పి తననే తిట్టారు, ఇవే కబుర్లు. ఏడో కిలోమీటరు దగ్గర మాత్రం మాట ఆగిపోయేది. ఊపిరి అందేది కాదు.

"భాయ్, నువ్వు పో. నా కోసం ఆగకు."

"నేనేడ ఆగుతున్న? నా స్పీడే గింత."

"నిజమేనా?"

"నిజమే ఉస్తాద్."

"నువ్వు చెప్పినవంటే లెక్కే," అని మళ్లీ కాళ్లు కదిపేవాడు.

మొదటి రెండేళ్లు అది నిజమే. ఆ తర్వాత పరుగు అయిపోయాక నాలో ఊపిరి మిగిలి ఉండేది. నాకు తెలుసు. అయినా ప్రతిసారీ అదే జవాబు చెప్పాను.

కిందటేడు వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. హైదరాబాద్ దవాఖానలో ఉండి ఇంటికొచ్చాక మాట సగం తిరిగొచ్చింది. ఆయన వెల్డింగ్ షాపు కిరాయికిచ్చారు. ఆ ఏడు పందానికి ఇద్దరం పోలేదు. రోజూ సాయంత్రం నేను వెళ్లి ఆయన కుడి చెయ్యి పట్టుకుని గల్లీలో నడిపిస్తాను. ఇంటి నుంచి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దాకా, అక్కణ్ణుంచి మళ్లీ ఇంటికి.

ఆయనకు ఒక మాట మిగిలింది. వ్యాయామం చేయించే డాక్టరుకూ, చూడవచ్చిన చుట్టాలకూ, గల్లీలో ఎదురైన ప్రతివాళ్లకూ నన్ను చూపించి చెప్పేవాడు. "మేమిద్దరం బరాబర్. పది కిలోమీటర్లు. సెకండ్ తేడా లేదు. అడుగుండ్రి." వాళ్లు నా వైపు చూసేవాళ్లు. అవునని తలూపేవాణ్ణి. అలా చెప్పినప్పుడు మాత్రం ఆయన వెన్ను కాస్త నిటారుగా అయ్యేది.

ఈసారి పందెం పోస్టర్ చూసి ఆయనే మొదలుపెట్టాడు.

"పో నువ్వు."

"నువ్వు లేకుంట నేనొక్కణ్ణి ఏం ఉరుకుత?"

"పో. ఉరికి రా. గదే టైమ్ తే. నేను గూడ ఉరికినట్టే అనుకుంట."

ఆయన భార్య లోపలినుంచి నవ్వింది. "మీరు పోండి భాయ్. లేకుంటే రోజంతా నా పానం తింటడు."

చేయాల్సింది ఎంతో తేలికని అనుకున్నాను. గంటా ఎనిమిది నిమిషాలంటే కిలోమీటరుకు ఏడు నిమిషాలకు కొంచెం తక్కువ. అంతకంటే ముందు రాకూడదు. వస్తే ఇన్నేళ్లూ నేను ఆగానని ఆయనకు తెలిసిపోతుంది. రెండు నెలలు కోమటిచెరువు కట్ట మీద ఒక్కణ్ణే సాధన చేశాను. గడియారం పెట్టుకోలేదు. ఆ వేగం నా కాళ్లకు తెలుసని నా నమ్మకం.

పందెం రోజు పొద్దున మైకులో పాటలు పెట్టి, జనం చేత గంతులు వేయించారు. నా వెనక నిలబడ్డ పోరగాళ్లలో ఒకడు, "కాకా, వాకింగ్ ట్రాక్ గాడుంది, తప్పిపోయినవా?" అన్నాడు. ఇంకొకడు, "ఊకోరా, గాయన మన ఇంటికి ఎస్టిమేట్ ఏసిన సారు. నువ్వు ఎన్నో కిలోమీటర్ల పడిపోతవో చెప్తడు చూడు," అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాను. నా ఎడమ పక్క ఉస్తాద్ ఉండే జాగాలో ఎవరో కొత్త మనిషి జోళ్ల లేసులు కట్టుకుంటున్నాడు.

హుస్నాబాద్ దిక్కు రోడ్డు మీదికి వచ్చేసరికి వెలుతురు వచ్చింది. లారీల్లోంచి రాలిన పత్తి రోడ్డు పక్క తుమ్మకంపలకు పట్టుకుని ఉంది. నా అడుగుల చప్పుడు నాకే వినబడుతోంది. ఎప్పుడూ వినలేదు దాన్ని. ఆయన మాటలే మా నడకను పట్టి ఉంచేవని అప్పటిదాకా నాకు తెలియదు. లెక్క నా చేతిలో ఉందనుకున్నాను. ఆ మాట లేకపోయేసరికి కాళ్లకు పగ్గం లేకుండా పోయింది.

సగం దూరం దగ్గర వెనక్కి తిరగాలి. అక్కడ ఒక కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. ఆ రోజు మాత్రం పెట్టుకొచ్చిన గడియారం చూసుకున్నాను. ముప్పయ్యొక్క నిమిషాలు. ముప్పై నాలుగు ఉండాలి.

నీళ్ల బల్ల దగ్గర ఆగాను. రెండు గ్లాసులు తాగాను. గ్లాసులు అందిస్తున్న కాలేజీ పిల్ల, "అంకుల్, ఆగకుండ్రి, మస్తు ఉరుకుతున్నరు," అంది. నేను నడవడం మొదలుపెట్టాను. నడుస్తూ లెక్క వేశాను. ఇదే పరుగుతో పోతే ఆరు నిమిషాలు ముందొస్తాను. ఆ ఆరు నిమిషాలు పారేయాలి. నడకకూ పరుగుకూ కిలోమీటరుకు నాలుగు నిమిషాల తేడా. ఒకటిన్నర కిలోమీటరు నడిస్తే చాలు, మిగతాది ఉరికినా గంటా ఎనిమిది వచ్చేస్తుంది. లెక్క సరిగ్గా ఉంది. అందులో తప్పేమీ లేదు.

కొంత దూరం నడిచాను. ఒంటి మీద చెమట చల్లబడింది. నా వయసువాడే ఒకడు దగ్గుతూ నన్ను దాటిపోయాడు.

ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో చెప్పడం కష్టం. యాభై దాటినప్పటినుంచి నా అంకెలన్నీ ఒకే వైపు పోతున్నాయి. షుగర్ పెరుగుతోంది, కళ్లద్దాల పవర్ పెరుగుతోంది, పని తగ్గుతోంది. ఇప్పుడు ఇల్లు కట్టుకునే పిల్లలు గది కొలతలు ఫోన్లో కొడితే సిమెంటు లెక్క అదే చెబుతుంది. నన్ను పిలిచేది ఆ ఫోను చెప్పింది నిజమా కాదా అని అడగడానికే. ఇన్నాళ్లకు ఒక్క అంకె నా వైపు తిరిగింది. దాన్ని చేతులారా రోడ్డు మీద పారేయాలంటే మనసొప్పలేదు.

మళ్లీ ఉరికాను. ఏడో కిలోమీటరు బోర్డు దాటుతుంటే పక్కకు చూశాను. అది అలవాటు. అక్కడినుంచి ఇంకా గట్టిగా ఉరికాను.

గంటా ఒక్క నిమిషం. మైకులో ఎవరో, "పెద్దాయన జోరు చూడుండ్రి," అన్నాడు. మెడలో మెడల్ వేశారు. ఫోన్లో మెసేజ్ వచ్చింది, నా పేరు పక్కన ఆ టైము. జన్మలో ఇంత తొందరగా ఎప్పుడూ ఉరకలేదు. ఇడ్లీ ప్లేటు పట్టుకుని ఆగి ఉన్న బస్సు నీడలో నిలబడ్డాను. తినబుద్ధి కాలేదు. మెడల్ తీసి బండి డిక్కీలో పెట్టాను.

గంటా ఎనిమిది అని చెప్పవచ్చు. ఆయన ఫోన్ చూసుకోడు, ఆయన భార్యకు ఇవేవీ పట్టవు. ఎవరూ సరిచూడరు. సాయంత్రం దాకా అదే అనుకుంటూ ఉన్నాను. వాళ్ల గల్లీలోకి తిరిగేటప్పుడు కూడా అదే అనుకున్నాను.

ఆయన గుమ్మం ముందు కుర్చీలో ఉన్నాడు. ఇస్త్రీ అంగీ వేసుకుని ఉన్నాడు. ఆ రోజు కోసం వేయించుకున్నట్టుంది.

"ఎంత?" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఎంత అని అడగ్గానే ఉన్న అంకె చెప్పడం నా బతుకు. ఆగడం లేదని మాటతో అబద్ధమాడగలిగాను. అంకెతో ఎన్నడూ ఆడలేదు.

"గంటా ఒకటి," అన్నాను.

ఆయన భార్య చాయ్ కప్పులు పట్టుకుని బయటికొచ్చింది. "అరే, మంచిగైంది కదా భాయ్. జల్దీ వచ్చిన్రు."

"నువ్వుండు," అన్నాడాయన ఆమెతో. తన ఎడమ చేతి వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ఏడు," అన్నాడు. "ఏడు నిమిషాలు."

"ఒక్కణ్ణే రెండు నెలలు ప్రాక్టీస్ చేసిన ఉస్తాద్. గందుకే అట్లయింది."

"నిన్ను అడిగిన గదా."

"అడిగినవు."

"ప్రతిసారి అడిగిన. ఏమన్నవు?"

"నా స్పీడే గింత అన్న."

"నేను అందరికి చెప్పిన," అన్నాడు. "డాక్టర్‌కు చెప్పిన. మా బామ్మర్దులకు చెప్పిన. నువ్వు పక్కన నిలబడి తలూపినవు."

చాయ్ మీద మీగడ కట్టింది. ఆమె మా ఇద్దరినీ చూసి లోపలికి పోయింది.

ఆయన నాలుగు కాళ్ల కర్ర మీద బరువు మోపి లేచాడు. ఎప్పటిలా కుడి చెయ్యి పట్టుకోబోయాను. ఇవ్వలేదు.

"ముంగట నడువు."

"పడిపోతవు ఉస్తాద్."

"పడితే పడ్త. నువ్వు ముంగట నడువు. నీ నడక నువ్వు నడువు. ఎనకకు చూడకు."

నడిచాను. వెనక కర్ర చప్పుడు, ఆ తర్వాత చెప్పు ఈడ్చుకుంటూ వచ్చే చప్పుడు. చూడకుండానే దూరం పెరుగుతున్నట్టు తెలుస్తోంది. నాకు తెలియకుండానే అడుగు నెమ్మదించింది.

"మళ్ల ఆగుతున్నవు," అని వెనకనుంచి గొంతు వచ్చింది.

అడుగు పెంచాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎప్పుడూ వెనక్కి తిరిగేవాళ్లం. తిరిగితే ఆయన్ని చూడాలి. అందుకని దాన్ని దాటి పోయాను. అక్కడ గల్లీ పక్కకు మలుపు తిరుగుతుంది. మలుపు తిరిగాక నేను ఆయనకు కనబడను.

అక్కడ గోడకు ఆనుకుని ఆగాను. కర్ర చప్పుడు చాలాసేపు వినబడలేదు. తర్వాత వినబడింది. అది మలుపు దగ్గరికి వచ్చేదాకా ఉండి, ఆయనకు నా వీపు కదులుతూ కనబడేట్టు మళ్లీ నడవడం మొదలుపెట్టాను.