పది పళ్ళకో చింతపిక్క

నా చిన్నప్పుడు నేను మొదలుపెట్టిన పనులకు లెక్క లేదు. పూర్తిచేసినవి లెక్కపెట్టడానికి మాత్రం ఒక చేతి వేళ్ళు సరిపోయేవి. పెదబయలు దగ్గర కొండవాలులో మా ఊరు. రెండో తరగతి రెండేళ్ళు చదివాను. వచ్చే సోమవారం ఎక్కాలు అప్పజెప్పకపోతే ఇక బడికి పంపొద్దని మాస్టారు మా అమ్మకు చెప్పేశారు. ఎక్కాలు రాక కాదు. పలక ముందు కూర్చోగానే కాళ్ళు లేచిపోయేవి, వాటి వెనకే బుర్రా పోయేది.

ఆ శనివారం అందరం కాఫీ పళ్ళు కోస్తున్నాం. ఎర్రగా పండినవి మాత్రమే ఒక్కొక్కటిగా గిల్లాలి. నేను గుత్తి పట్టుకుని మొత్తం దూసేశాను. బుట్టలో ఎర్రవాటికంటే పచ్చివే ఎక్కువ.

"ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు? బడికీ పనికిరావు, తోటకీ పనికిరావు. సోమారం నుంచి మేకల్ని తోలుకుపో!" అని మా అమ్మ బుట్ట లాక్కుంది.

"దాన్ని నాకొగ్గెయ్యి" అంది మా నాయనమ్మ. నన్ను తన వరసలోకి తీసుకెళ్ళి, చెంగుముడి విప్పి చింతపిక్కలు నా చేతిలో పోసింది. వెంటనే లెక్కపెట్టాను. ముప్ఫై రెండు.

"పది ఎర్రవి కొయ్యి. పిక్కొకటి అట్టుకెళ్ళి ఆ బండ మీద ఎట్టి బేగి రా. మల్లీ పది. పదకొండోది నీకెందుకు?"

తోట చివరున్న ఆ బండ నా అడుగుల్లో నలభై అడుగుల దూరం. పది కోశాను, పరిగెత్తాను, వచ్చాను. నాలుగైదుసార్లు అయ్యాక ఒకటి తెలిసింది. పరుగు తమకు ఎలాగూ ఉందని నమ్మకం కుదిరాక, పళ్ళు కోసేంతసేపు కాళ్ళు ఊరుకుంటున్నాయి. కొమ్మల చాటు నుంచి నాయనమ్మ "ఎన్నయినాయే?" అని అరిచేది. "ఏడు పిక్కలు. డెబ్బై పళ్ళు!" అనేదాన్ని. మధ్యాహ్నానికి పిక్కలన్నీ బండ మీదకు చేరాయి. మూడు వందల ఇరవై పళ్ళలో పచ్చివి నాలుగు. ఆ నాలుగూ మా అమ్మ చూడకముందే నాయనమ్మ తన చెంగులో దాచేసింది.

ఈ ఆట నీకెవరు నేర్పారని అడిగాను.

"ఆటేటే? నా బుర్రా అంతే, ఒక్క కాడ నిలబడదు. ఎన్నిసార్లు అంబలి మాడ్చీసినానో మీ తాతనడుగు" అని నవ్వింది.

ఆవిడ చెంగులో ఎప్పుడూ పిక్కలు ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది.

సోమవారం నాతో పాటు బడికి వచ్చింది. "బాబూ, దీన్ని కూకోబెట్టి అడక్కండి. నడిపించి అడగండి" అంది. పిల్లలు గొల్లుమన్నారు. మాస్టారు సరే నడవమని గుమ్మం వైపు చెయ్యి చూపించారు. గుమ్మం దాకా ఒక ఎక్కం, వెనక్కి ఇంకో ఎక్కం. తొమ్మిదో ఎక్కంలో ఏడు దగ్గర ఆగిపోయాను. గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. పిక్క ఒకటి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చింది.

అరవై మూడు.

బడి మానలేదు. పదో తరగతి దాకా చదివాను, ఆ పై లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళలో పొలాల కొలతలు లెక్కగట్టేది నేనే.

నిరుడు, ఒక్కచోట కూర్చోలేని మా అమ్మాయిని పట్నంలో డాక్టరమ్మకు చూపించాం. శ్రద్ధ నిలవకపోవడం కూడా ఒక ఇబ్బందేనని, దానికి పేరుందని చెప్పింది. కొందరికి మందులు అవసరమవుతాయట. మా పిల్లకు ముందు పనిని చిన్న ముక్కలు చేసి ఇమ్మంది. మధ్యలో పరిగెత్తనివ్వమంది. చేసిన వెంటనే బాగుందని చెప్పమంది. పెద్దవాళ్ళలోనూ ఇది ఉంటుందని ఆవిడ అన్నప్పుడు, నేను నాయనమ్మ పిక్కలున్న నా చెంగుముడి తడుముకున్నాను.

మొన్న ఒక పొలం లెక్క చేస్తూ, లేవాల్సిన చోట లేవకుండా ముందుకు పోతున్నాను. అంకెలు అలుక్కుపోతున్నాయి. మా అమ్మాయి వచ్చి నా అరచేతిలో పిక్క పెట్టి, "పదకొండోది నీకెందుకే అమ్మా?" అంది.

ముడిలో ఇప్పుడు ముప్ఫై రెండు లేవు. పదహారు నా దగ్గర, పదహారు దాని దగ్గర.