అక్క కోసిన కిటికీ

అక్క చనిపోయిందని నాకు అమీర్‌పేటలో, కంపెనీ బస్సులోనే తెలిసింది. మేమిద్దరం రోజూ ఎక్కే చోట ఆ రోజు నేనొక్కదాన్నే ఎక్కాను. ఆమె కోసం డ్రైవరన్న బస్సు ఆపి ఉంచాడు. వెనక నుంచి ఎవరో, "పోనియ్యన్నా, ఆమె ఇగ రాదు. పొద్దుగాల గుండెపోటొచ్చిందట" అన్నారు. బస్సు కదిలింది.

ఆమె నాకు చుట్టం కాదు. మందుల కంపెనీలో మాత్రలు పెట్టెల్లో సర్దే మా లైనుకు పెద్ద. నేను ఏడో తరగతితో ఆపేసి, పెళ్లయ్యాక బల్కంపేటకు వచ్చినదాన్ని. నలుగురిలో నోరు విప్పలేను. చేరిన రోజే రిజిస్టరు ముందుకు తోసి, ట్రైనింగ్ తీసుకున్నట్టు సంతకం పెట్టమన్నారు. ఎవరూ ఏమీ నేర్పలేదు. పెన్ను తీశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఏం నేర్సుకున్నవని పెడుతున్నవే? నేర్సినంక పెట్టు."

ఆ నెలంతా మైత్రీవనం దగ్గర బస్సు వచ్చేలోగా, ఖాళీ పెట్టెల మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదవడం నేర్పింది. పైన కోచింగ్ బోర్డులు చూపించి, "వాళ్లు ఫీజు కట్టి నేర్సుకుంటుండ్రు. నీకు ఉత్తగ చెప్తున్న గదా, అందుకే బుర్రకెక్కుతలేదు" అని నవ్వేది.

నా తిప్పలు చూసి ఒక అట్టముక్కకు చిన్న కిటికీ కోసింది. పెట్టె మీద ఆనిస్తే నంబరు, తేదీ మాత్రమే కనబడేవి. తప్పు ఇట్టే దొరికేది. మా సూపర్‌వైజర్ సార్ దాన్ని పంజాగుట్టలోని కంపెనీ పెద్దాఫీసులో చూపించాడు. కొత్త ఆలోచన అని ఆయనకు బహుమతి ఇచ్చి, గోడకు ఆయన ఫోటో పెట్టారు. మా అట్టముక్కను మాత్రం లైను మీద బయటి వస్తువు ఉండకూడదని తీసుకుపోయారు.

"పోనీలేవే, ఫోటోకు సార్ మొహమే మంచిగుంటది" అంది అక్క.

ఒకరోజు కొత్త పెట్టెలో పాత బ్యాచ్ స్ట్రిప్పు నా కంటబడింది. అక్క చెవిలో చెప్పాను. వెంటనే లైను ఆపింది. లేకుంటే పాత మాత్రలు కొత్త తేదీతో మీ ఇంటికొస్తాయి, ఆపాల్సిందే. సార్ పరుగున వచ్చాడు.

"ఈ నెల ఒక్క తప్పు లేదని బోర్డు మీద రాసిన! ఎవరు చూసిండ్రు?"

నేను తల దించుకున్నాను.

"నేనే సార్" అంది అక్క.

మర్నాటి నుంచి ఆమెకు లైను మీద మేం తొడుక్కునే గౌన్లు మడతపెట్టే పని. ఆ తర్వాత ఎవరూ లైను ఆపలేదు. బోర్డు మీద తప్పులు లేవు. చెప్పేవాళ్లు లేరు, అంతే. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. "భయపడితే పడ్డవ్ గని, చూసుడు బంద్ చెయ్యకు" అంది.

అక్క పోయిన మూడో రోజు కంపెనీలో సంతాప సభ పెట్టారు. "క్వాలిటీ అంటే ఏందో ఆమె నేర్పింది" అన్నాడు సార్. రెండు నిమిషాలు నిలబడ్డాం. కూర్చోగానే రిజిస్టరు వచ్చింది. పైన "క్వాలిటీ ట్రైనింగ్, ఒక గంట" అని రాసి ఉంది. అక్క చావును కూడా ట్రైనింగులో కలిపేశారు.

పక్కామె మోచేత్తో పొడిచింది. "పెట్టెయ్యరాదే, బస్సు పోతది."

"ఏం నేర్సుకున్నమని?" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

సార్ తలెత్తాడు. "ఎవరది?"

"నేనే సార్."

రేపు నన్నూ గౌన్ల గదికి పంపుతారేమో. ఈ "నేనే సార్" అన్న మాట అక్క ఉండగా, లైను ఆపిన రోజే అనాల్సింది. రిజిస్టరు నన్ను దాటి పోయింది. అన్ని సంతకాల నడుమ నా పేరు పక్కన ఒక్క గడి, అక్క అట్టకు కోసిన కిటికీలా, తెల్లగా ఉండిపోయింది.